మా అక్క చేయనన్న మార్పు

మా అక్క వీడియో ఎడిటర్. ఎవరి దగ్గరా ఉద్యోగం చేయదు. మేడ మీది గదిలో కిటికీకి నల్ల కర్టెన్, బల్ల మీద రెండు మానిటర్లు, వెనక చెయ్యి విరిగిన కుర్చీ. కాలేజీ మానేశాక నేను పడుండేది ఆ కుర్చీలోనే.

అక్కకి పని వచ్చు, బేరం రాదు. ఎన్ని మార్పులకి ఎంత అని ముందు తేల్చుకోదు. మొత్తం ఇంత అని గుత్తకి ఒప్పేసుకుంటుంది. ఆ తర్వాత ఒక్కొక్కడూ చిన్న మార్పంటూ ప్రాణం తోడేస్తాడు. నేను గొడవపడితే, "పోనీలేరా, మళ్లీ పని ఇస్తారు" అనేది.

అలా ఒప్పుకున్నదే టైల్స్ షాపు పెద్దాయన పని. పోయిన భార్య జ్ఞాపకంగా వీడియో కావాలన్నాడు. హార్డ్ డిస్క్ నిండా ఆయన ఫోన్‌లో తీసిన క్లిప్పులు ఇచ్చాడు. ఒక్కదాంట్లోనూ ఆవిడ ముఖం లేదు. అన్నిట్లోనూ వీపే. చివరి క్లిప్పులో కుళాయి పారుతుంటే గిన్నెలు తోముతోంది. వెనక నుంచి ఆయన గొంతు: "ఆ ఒక్కటీ చేసెయ్యి, ఐదు నిమిషాల పనేగా."

అక్క వీడియో చేసి చూపించింది.

"బాగుందమ్మా. చివర్లో ఒక్కసారి ఇటు తిరిగినట్టు చెయ్యి."

"ఆవిడ తిరగలేదు కదండీ. తీయనిది నేనెక్కణ్ణుంచి తేను?"

"కంప్యూటరుందిగా! సరే, కాస్త వెలుగు పెంచు. ఐదు నిమిషాల పనేగా."

పెంచింది. తర్వాత వేగం తగ్గించమన్నాడు. తర్వాత రంగు మార్చమన్నాడు. ఆయనకి నచ్చితేనే మిగతా డబ్బు. ఆ నెల మా అద్దె ఆ డబ్బు మీదే ఉంది.

రంగు మార్చిన రోజు నేనే చూశాను. చివరి క్లిప్పులో ఆవిడ చెవి కనిపిస్తోంది. అంతకుముందు జడ తప్ప ఏమీ లేదక్కడ.

"అక్కా, ఏమైనా గెలికావా?"

"రంగు తప్ప ఏదీ ముట్టుకోలేదురా."

"మరి ఆ చెవెక్కడిది?"

"నోర్ముయ్" అంది. ఆ క్లిప్పునే మళ్లీ మొదట్నుంచి పెట్టింది.

తర్వాతి మార్పుకి చెంప వచ్చింది. చూడ్డానికొచ్చిన పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశావా, తిరుగుతోంది! ఇంకొక్కటి చెయ్యమ్మా. ఎంతైనా ఇస్తాను."

అక్క ఆ బొమ్మని ఆపి దగ్గరికి తెచ్చింది. బిగిసిన దవడ, ముడుచుకున్న పెదవి మూల. నాకు ఆ ముఖం తెలుసు. ఇలాంటివాళ్ల ఫోన్ మోగినప్పుడు, ఎత్తబోయే ముందు మా అక్క పెట్టే ముఖం అది.

"ఇంక చెయ్యనండి" అంది అక్క.

"డబ్బు చాలదా?"

"ఇప్పటిదాకా చేసిన ప్రతి మార్పుకీ డబ్బివ్వాలి, అది వేరే సంగతి. ఇది మాత్రం ఎంతిచ్చినా చెయ్యను. ఆవిడ తిరుగుతోంది మీకు నవ్వు చూపించడానికి కాదు."

"మరెందుకు?"

అక్క సౌండు పెంచి క్లిప్పు వదిలింది. 'ఐదు నిమిషాల పనేగా.' మళ్లీ వదిలింది. ఆ గొంతు తనదేనని పెద్దాయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"పూర్తిగా తిరిగితే... ఏమంటుందంటావు?"

"వింటారా?"

ఆయన వినలేదు. జేబులో ఉన్నదంతా బల్ల మీద పెట్టి మెట్లు దిగిపోయాడు. హార్డ్ డిస్క్ మర్చిపోయాడో, వదిలేశాడో.

కాసేపటికి అక్కకి వేరే ఎవరిదో ఫోన్ వచ్చింది. "ముందు మార్పుల సంగతి మాట్లాడుకుందామండీ. రెండు దాటితే ప్రతిదానికీ విడిగా ఇవ్వాలి" అంటోంది. ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదలు.

ఆమె మాట్లాడుతుండగా నేను డిస్క్‌లోని అసలు క్లిప్పు తెరిచాను. మేము ముట్టుకోనిది. చెవి లేదు, చెంప లేదు, వీపే. ఆయన గొంతు కూడా ఉన్నచోటే ఉంది, ఆ ఒక్కటీ చేసెయ్యమంటూ.

కానీ కుళాయి కట్టేసి ఉంది. ఆవిడ చేతులు సింకు అంచు మీద ఊరికే ఉన్నాయి. క్లిప్పు అయిపోయేదాకా కదల్లేదు.