అనసూయమ్మ ఎత్తాల్సిన బరువు

2023 వానాకాలం. హైదరాబాద్ లాల్‌దర్వాజాలో ఒక గాజుల దుకాణం పైన గది అద్దెకు తీసుకుని ఆడవాళ్లకు ఫిట్‌నెస్ క్లాసులు చెప్పేదాన్ని. ఇప్పటికీ అక్కడే చెబుతున్నాను. కొత్తవాళ్ల కోసం పొద్దున పూట బిగినర్స్ బ్యాచ్ ఉంటుంది. చాలామంది ఇంట్లో పెళ్లి దగ్గరపడ్డాక పొట్ట గుర్తొచ్చి పరుగెత్తుకొస్తారు. వాళ్లను ఆటపట్టిస్తూ చెమటలు పట్టించడం నాకు భలే సరదా.

అనసూయమ్మ అలా రాలేదు. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వెనక వరుసలో నిలబడింది. పాట పెట్టి వార్మప్, అంటే ఒళ్లు వేడెక్కడానికి వేసే అడుగులు మొదలుపెడితే, అందరూ కుడికి పోతే ఆమె ఎడమకు పోయింది. పక్కనున్న షాహీన్‌ను గుద్దుకుంది. బట్టల దుకాణం నడిపే షాహీన్ పకపకా నవ్వేసింది. అనసూయమ్మ మాత్రం నవ్వలేదు. క్లాసు అయ్యాక నా దగ్గరకు వచ్చింది.

"మేడం, ఈ దుంకుడు నాకొద్దు. మనిషిని లేపుడు నేర్పిస్తరా?"

ఎవరిని లేపాలని అడిగితే అప్పుడు చెప్పుకొచ్చింది. భర్త శంకరయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. పిల్లలు లేరు. మొదట్లో పక్కింటి కుర్రాళ్లు వచ్చి లేపేవారు. ఒకరోజు వాళ్లు లేపుతుంటే నలుగురిలో ఆయన లుంగీ జారిపోయింది. అప్పటి నుంచి ఆయన పరాయి చెయ్యి తగలనివ్వడం లేదు. ఆమె ఒక్కతే లేపబోతే ఇద్దరూ కలిసి కిందపడ్డారు. ఇక మంచం దిగనని మొండికేశాడట.

"జిందగీ అంత నిలవడి టికెట్లు కొట్టిన మనిషి. గిట్ల మంచంల పడి ఉంటె నా పానం ఒప్పుతలేదు మేడం."

నాకు తెలిసిన ఫిజియోథెరపిస్టును అడిగి పద్ధతి తెలుసుకుని మొదలుపెట్టాను. ముందు స్క్వాట్, కుర్చీలో కూర్చోబోయి లేచినట్టు చేయడం. తర్వాత డెడ్‌లిఫ్ట్. వీపు తిన్నగా ఉంచి, కాళ్ల బలంతో నేల మీది బరువు ఎత్తడం. రోగిని పట్టుకోవడానికి ఆస్పత్రుల్లో నడుముకు బెల్టు కడతారు. మా దగ్గర అది లేక చున్నీ కట్టాం. మొదటగా కుర్చీలో శంకరయ్యలా కూర్చున్నది ఆ షాహీనే. తర్వాత అందరూ వంతులు వేసుకున్నారు. ఇవాళ శంకరయ్య ఎవరని పొద్దున్నే లొల్లి. కూర్చున్నవాళ్లు పొరపాటున కాస్త సాయపడితే అనసూయమ్మ ఊరుకునేది కాదు. ఆయన ఎడమ కాలు సాయపడదు కదా, ఒళ్లు వదిలేయమని కసిరేది.

దసరా వెళ్లాక ఒక పొద్దున ఆమె అందరికంటే ముందొచ్చి నా కోసం మెట్ల మీద కూర్చుంది. ముందు రోజు ఆయనను లేపి కిటికీ పక్కన కుర్చీలో కూర్చోబెట్టిందట. గల్లీలో ఆటోలను చూస్తూ, చాయ్ తాగుతూ, సాయంత్రం దాకా మంచమెక్కనన్నాడట. ఆ రోజు ఆమె పాటకు కూడా అడుగులేసింది, తప్పుగానే.

చలికాలంలో రావడం మానేసింది. నేనూ షాహీన్ ఇంటికి వెళ్లేసరికి మంచం గోడకు నిలబెట్టి ఉంది. ఆయనకు మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి తేరుకోలేదు. ప్రాణం పోయేముందు మనిషిని మంచం మీద నుంచి నేలకు దించుతారు కదా, అందుకని వాడకట్టు మగవాళ్లు ముందుకొచ్చారట. ఆమె అడ్డం నిలబడింది.

"'జరుగుండ్రి, ఆయనకు ఇష్టముండది' అని చెప్పిన. చున్నీ కట్టి నేనే దించిన. నువ్వు లేపుడే నేర్పినవ్ బిడ్డా, దించుడు నేర్పలే. అయినా మెల్లగనే దించిన."

షాహీన్ ఆమె చేతులు పట్టుకుని పక్కన కూర్చుంది.

నెల దాటాక అనసూయమ్మ క్లాసుకు వచ్చింది. ఆమెను చూసి ఎవరో కుర్చీని మూలకు జరిపారు. ఆమే దాన్ని మధ్యకు తెచ్చి వేసుకుంది.

"ఇయ్యాల నేను కూసుంట. నన్నెవరన్న లేపుండ్రి."

షాహీన్ చున్నీ కట్టింది. అనసూయమ్మ ఒళ్లంతా వదిలేసింది. లేచి నిలబడ్డాక షాహీన్ భుజం మీద తల పెట్టి, అంతవరకూ ఏడవనిదంతా ఏడ్చింది. నేను పాట ఆపేశాను. ఆ రోజు ఇక క్లాసు జరగలేదు.

కొత్తవాళ్లు బరువు ఎత్తగానే పని అయిపోయిందనుకుని దబ్బున వదిలేస్తారు. నేనూ ఎత్తడం మీదే ధ్యాస పెట్టేదాన్ని. ఇప్పుడు బిగినర్స్ బ్యాచ్‌కు మొదటి రోజే దించడం నేర్పుతున్నాను. మెల్లగా దించండి, నేలకు ఆనేదాకా చెయ్యి వదలకండి అని చెబుతాను. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం వెనక వరుసలో ఉన్న అనసూయమ్మ వైపు చూడలేను.