నక్కకు వేసిన తాళం

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో మా పక్కింటి మునెమ్మ కోళ్లలో మూడింటిని ఈ తెల్లవారుజామున నక్క ఎత్తుకుపోయింది. గుడ్లు పొదుగుతున్న పెట్ట ఒక్కటే మిగిలింది. ఉదయం వెళ్లి చూశాను. గూటి తలుపుకు అరచేయంత తాళం ఉంది. చుట్టూ కట్టిన ఇనుప మెష్ ఎక్కడా తెగలేదు. దాని కింది నుంచి లోపలికి బొరియ ఉంది.

మునెమ్మ భర్త నారాయణప్ప గనిలో పనిచేసి రిటైరైన మనిషి. నాకు ఆ తాళమే చూపించాడు. "ఇంత బీగం ఏసినాను చూడప్పా. అది యాడ నుంచి దూరిందో!"

"మెష్‌ను అడుగు లోతున పాతి ఉండాల్సింది" అన్నాను.

"నక్క నేల తవ్వుతాదని ఎవురికి తెలుసప్పా?"

గూటి ముందు కూర్చున్న మునెమ్మ తలెత్తింది. "ముప్పై ఏండ్లు నేల కింద తవ్వినోనివి. నీకే తెలీకుంటే ఇంగెవురికి తెలుస్తాది?"

ఆయన బజారుకు వెళ్లాడు. సాయంత్రం మళ్లీ చూశాను. బొరియ అలాగే ఉంది. తలుపుకు మాత్రం కొత్తగా రెండో తాళం వేలాడుతోంది. లోపల పెట్ట ఇంకా గుడ్ల మీదే కూర్చుంది.

పారతో ఇప్పుడు నేనే వెళుతున్నాను. మీ ఊళ్లో నక్కలు తలుపు తీసుకునే వస్తాయా? చెప్పండి, నారాయణప్పకు చదివి వినిపిస్తాను.