సుబ్బన్న నంబరుకు వెళ్లే ఓటీపీ

మార్కాపురంలో మాదొక చిన్న రైఫిల్ క్లబ్బు. లాభం కోసం నడిపేది కాదు. అయినా సభ్యులకు ఎయిర్ గన్ గుళ్లు అమ్ముతాం కాబట్టి జీఎస్టీ తప్పలేదు. దేవుడి గుళ్లకు లేని తిప్పలు మా గుళ్లకు వచ్చాయి. నాకు గురి కుదరదని తెలిసిపోయాక, ఎవరికీ ప్రమాదం లేకుండా నన్ను కోశాధికారిని చేశారు.

నాకు ముందు ఆ పని చూసిన సుబ్బన్న గుండెపోటుతో పోయాడు. రిటర్న్ వేయడానికి కావలసిన ఓటీపీ మాత్రం చాలాకాలం ఆయన నంబరుకే వెళ్లేది. నెలనెలా నేను ఫోన్ చేస్తే ఆయన భార్య లక్ష్మక్క ఆ అంకెలు చదివి చెప్పేది. “చూడు తమ్ముడూ, గవర్నమెంటోళ్లు మీ అన్నను ఇంకా మర్చిపోలేదు” అని నవ్వేది.

ఆమెను ఇబ్బంది పెట్టడమెందుకని, కాగితాలన్నీ పెట్టి నా నంబరు ఎక్కించాను. మరుసటి నెల రిటర్న్ వేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు నా దుకాణంలో కూర్చుని టీ తాగుతుంటే ఫోను మోగింది. తెరమీద ‘సుబ్బన్న’ అని ఉంది. ఆ నంబరుకు నేను చేయడమే గానీ, అటునుంచి ఎన్నడూ రాలేదు. టీ చొక్కామీద ఒలికింది.

“ఏంది తమ్ముడూ, ఈ నెల నంబరు రాలేదే? పొద్దున్నుంచి ఫోను పట్టుకొని కూచున్నా.”

“మార్పించినాం అక్కా. ఇంక నీకు ఆ బాధ లేదు.”



“అట్లనా… అయితే ఇంక మీ అన్నకేం రావు గదా” అంది.

జీవితంలో నా గురి తగిలింది ఆ ఒక్కసారే, అదీ తగలకూడని చోట. రిటర్న్ వేసే రోజున ఫోను మోగితే ఇప్పటికీ ముందు ఆ పేరు కోసమే చూస్తాను. మళ్లీ రాలేదు.