తోక నుంచి తలకు కుట్టిన రాకుమారుడు

పుస్తకాన్ని తోక నుంచి తలకు కుట్టిన మనిషిని మీరెక్కడన్నా చూశారా? నేను చూశాను. నంద్యాలలో మా పక్కిల్లే. పేరు ఫాతిమున్నీసా. ఆమెను తలుచుకుని నవ్వేవాళ్లను నేను చాలామందిని ఎరుగుదును. నవ్వితే నవ్వండి గానీ, సంగతి మొత్తం విని నవ్వండి. అంతా కళ్లారా చూసిన చెన్నమ్మను చెబుతున్నాను.

ఆమె పుట్టిల్లు బనగానపల్లె. పెళ్లయి వచ్చిన నాటి నుంచి అట్టలు అంటించే మైదా గంజి కాచడం, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం ఆమె పని. పుస్తకాలు కుట్టి బైండింగు చేసేది భర్త కరీముల్లా. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు ఆయన జ్వరమొచ్చి పోయాడు. అన్న వచ్చి "మూట కట్టు, మా ఇంటికి పోదాం" అన్నాడు. ఆ వదిన సంగతి నాకు తెలుసు. ఆమె పెట్టే ముద్ద కంటే పస్తు నయం. "పని దొరికిందా, ఈడనే ఉంటా. దొరకలేదా, వస్తా" అని ఫాతిమున్నీసా అన్నను పంపేసింది.

మసీదులో పిల్లలు చదివే అరబ్బీ పుస్తకాలు కుట్టి చేయి కుదుర్చుకుంది. అవి కుడితే పుణ్యమే తప్ప పొయ్యిలోకి పుల్ల రాదు. అలాంటప్పుడు దేవుడు పంపినట్టు ప్రభుదాసు వచ్చాడు. ఆళ్లగడ్డ బస్టాండు దగ్గర పుస్తకాలు అద్దెకిస్తాడాయన. పిల్లల పత్రికలో నెలనెలా వచ్చిన రాకుమారుడి సాహసాల సీరియల్ పేజీలు చించి, నెలకొక కట్టగా, మొదటిది పైన పెట్టి వరసగా తెచ్చాడు.

"ఇది బాగా కుట్టినావంటే నా అంగడి పనంతా నీదేనమ్మా" అన్నాడు.

ఫాతిమున్నీసాకు తెలుగు చదవడం రాదు. అరబ్బీ పుస్తకమేమో మనం చివర అనుకునే వైపు నుంచి మొదలవుతుంది. ఆమె చేతికి తెలిసిన వరస అదొక్కటే. మొదటి నెల కట్టను అడుగున, ఆఖరు నెల కట్టను పైన పెట్టి బిర్రుగా కుట్టేసింది. గట్టి అట్ట వేసి ఎర్రగుడ్డ అంటించింది. ముద్దొచ్చేలా ఉంది పుస్తకం. ప్రభుదాసు తెరవకుండానే మురిసిపోయి తీసుకుపోయాడు.

ఇంకేముంది! ఆళ్లగడ్డలో ఆ పుస్తకం తెరిస్తే మొదట్లోనే రాకుమారుడికి పెళ్లి, పట్టాభిషేకం. ఆ తర్వాత భాగంలో మాంత్రికుడు చస్తాడు. దాని తర్వాతి భాగంలో అదే మాంత్రికుడు గుహలో కూర్చుని పకపకా నవ్వుతుంటాడు.

"చచ్చినోడు యెట్ల లేచినాడప్పా?" అని ఒకడు.

"మాంత్రికుడు గదా, లేస్తాడు. నీమాదిరి అనుకుంటివా?" అని ఇంకొకడు.

పేజీలు తిప్పేకొద్దీ రాకుమారుడి కత్తి పోయింది, రాజ్యం పోయింది, ఎక్కిన గుర్రం కాస్తా గుర్రప్పిల్ల అయింది. ఆఖరికి హీరోగారు ఉయ్యాల్లో పడుకుని పాలకు ఏడుస్తున్నాడు. పిల్లలు నోరెత్తకుండా చదువుకున్నారు. పెద్దవాళ్లకే వచ్చింది గొడవంతా. "పెండ్లాన్ని, రాజ్యాన్ని ఇడిసిపెట్టి ఉయ్యాలెక్కినాడే, వీడేం మగోడు!" అన్నాడు లారీ నడిపే యోబు. "వాడే తెలివైనోడు. పెండ్లయినంక అందరికీ అట్లనే అనిపిస్తాది" అన్నాడు టీ అంగడాయన. రెండు మూడు వారాలు ఇదే వాదన. ఒకరోజు మాటా మాటా పెరిగి గ్లాసులు పగిలాయి.

మర్నాడు ప్రభుదాసు నిప్పులు కక్కుతూ మా వీధిలోకి వచ్చాడు. చేతిలో ఆ పుస్తకం, సంకలో కొత్త సీరియళ్ల కట్టలు.

"ఏందమ్మా ఈ పని? నా అంగడి ముందర కొట్టుకుంటాండారు! తొందరగా విప్పి సరిగ్గా కుట్టు. లేదంటే ఈ కట్టలు యాడికన్నా పోతాయి, నీకు మాత్రం రావు."

"తోబా తోబా!" అని ఫాతిమున్నీసా చెంపలేసుకుంది.

నేను ఊరుకుంటానా? "చదువొచ్చినోడివి, తీసకపోయేటప్పుడు తెరిచి చూసుకోవద్దా అన్నా?" అన్నాను. ఆయన పుస్తకాన్ని ఫాతిమున్నీసా ముందు పెట్టాడు. ఆమె కత్తి తీసుకుని కుట్టు మీద ఆనించింది. ఆ దారం తెగితేనే ఆమెకు పని. లేకుంటే వదిన ఇల్లే గతి.

"విప్పద్దు తల్లీ!"

అరుగు కింద ఒకామె నిలబడి రొప్పుతోంది. పుస్తకం విప్పిస్తాడని విని, ప్రభుదాసు వెనకే అదే బస్సులో వచ్చిందట.

"బాలమ్మా, నువ్వేంటికొచ్చినావు?" అని ఆయన మా వైపు తిరిగాడు. "మా ఊర్లో కూలికి పోతాది. ఈ పుస్తకం తెచ్చిస్తాది, మళ్లా ఇదే తీసకపోతాది. ఇంగొకటి ముట్టదు."

బాలమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. "రాకుమారుని జతగాడు, మంత్రి కొడుకుండాడు గదమ్మా. నడుమ యేట్లో పడి సచ్చిపోతాడు. నువ్వు కుట్టినదాంట్లో పేజీ తిప్పితే లేచి నడుస్తాండాడు. కడాకు ఇంటికి పోయి వాళ్లమ్మ చేతి సద్దన్నం తింటాండాడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా కొడుకు సామ్యేలు పోయినేడు కుందూ యేట్లో మునిగి పోయినాడు. నువ్వు సరిగ్గా కుడితే ఈ పిల్లోడు కూడా రాడు. వీన్నన్నా ఇంటికి రానీమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను, దాచుకోవడమెందుకు? ఫాతిమున్నీసా కత్తి కింద పెట్టింది.

"అన్నా, నీ కట్టలు నువ్వు తీసకపో. దీన్ని నేను విప్పను."

"మరి నీ బతుకు?"

"బనగానపల్లెలో అన్న ఉండాడు."

ఆమె బాలమ్మను అరుగు మీద కూర్చోబెట్టి, పుస్తకాన్ని ఒళ్లో పెట్టి పక్కన చతికిలబడింది. "నాకు తెలుగు చదవను రాదక్కా. పోయినోడు లేచొచ్చేది యాడుందో, ఆడనుంచి చదువు. నేనూ వింటా" అంది.

బాలమ్మ పేజీలు తిప్పి, వేలు పెట్టి చదవసాగింది. ప్రభుదాసు కట్టలు సంకలోనే పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆళ్లగడ్డ బస్సు హారను కొడుతూ పోయింది. మంత్రి కొడుకు వాళ్ల ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి ఆయన కట్టల్ని గంజిగిన్నె పక్కన దించాడు. "ఇవి మాత్రం మొదటినుంచి కుట్టమ్మా" అని గొణిగి, అరుగు మీద కూర్చున్నాడు.