గుంటగలగరాకు రాసిన ఎలుకలు

రాజమండ్రి దగ్గరి ఫార్మసీ కాలేజీలో పనిచేసినన్నాళ్ళూ, పొలంగట్ల మీద మొలిచే గుంటగలగరాకుతో చర్మ క్యాన్సర్‌కు మందు కనిపెట్టింది నేనేనని వీధంతా చెప్పుకునేవాణ్ణి. రిటైరయ్యాక ఆ కథలో నా గొప్ప ఇంకా పెరిగింది.

పక్కింటి టీచరుగారి కాలి మీద ఎంతకీ మానని పుండు ఉంది. క్యాన్సరేమో చూడాలి, పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి రమ్మన్నాడు డాక్టరు. ఆవిడ నా దగ్గరికొచ్చారు.

"ఆ పసరేదో ఇప్పించండి బాబాయిగారూ. ఆసుపత్రి మానేస్తాను."

ఇక నిజం చెప్పక తప్పలేదు. పరిశోధన మా కాలేజీ ప్రొఫెసరు మేడమ్‌గారిది. ల్యాబు అటెండరుగా నా పని ఎలుకల వీపు మీద బొచ్చు గొరిగి, ఆవిడిచ్చిన పసరు కుంచెతో రాయడం. కణితి తెప్పించే రసాయనం ఆ తర్వాతే రాసేవాళ్ళం. పసరు రాసిన ఎలుకలకు కణితులు తక్కువగా వచ్చాయి. అప్పటికే వచ్చిన కణితి మీద రాసి చూడనేలేదు. మనుషుల మీద అసలే లేదు.

"అంటే ఇన్నాళ్ళూ ఎలుకలకి గడ్డాలు గీశారేంటండీ?"

"గడ్డం కాదమ్మా, వీపు."

ఆవిడ నవ్వలేదు. కాలివైపు చూసుకుని, "అయితే రేపు మీరే తీసుకెళ్ళండి. నాకు భయంగా ఉంది," అన్నారు.

మర్నాడు ముక్క తీస్తున్నంతసేపూ గది బయట ఆవిడ చేతిసంచి పట్టుకుని కూర్చున్నాను.