ఆపా వీడియో ఆపిన చోట

పోయిన నెలలో బోయిన్‌పల్లిలో మా మనవరాలి బడికి వెళ్లాను. పెద్దవాళ్లు వచ్చి తరగతిలో కూర్చుని పాఠం ఎలా జరుగుతుందో చూడవచ్చునని కబురు పెట్టారు. మా అమ్మాయికి ఆఫీసులో సెలవు దొరక్క నన్ను పంపింది. చిన్న బెంచీలో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నాను. గోడ నిండా ఉన్న తెర మీద గుండె కొట్టుకుంటోంది. కవాటాలు తలుపుల్లా తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, ఎవరో చక్కని తెలుగులో ఎక్కడా తడబడకుండా అంతా చెప్పేస్తున్నారు. పిల్లలు బుద్ధిగా చూస్తున్నారు, వాళ్ల టీచరమ్మ కూడా ఓ పక్కన నిలబడి చూస్తోంది. పాఠం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కాని కర్ణిక నిండి కవాటం తెరుచుకోబోయే క్షణంలో నాకు తెలియకుండానే నా చెయ్యి పైకి లేచింది, ఎవరినో ఆపమన్నట్టు. పక్కనున్నావిడ నా వైపు వింతగా చూసింది. ఇంటికి వచ్చే దారి పొడుగునా మా ఆపా గుర్తుకొస్తూనే ఉంది.

నేను మెట్టుగూడ దగ్గర ఒక ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేదాన్ని. పక్క గదిలో జీవశాస్త్రం చెప్పే ఆవిడ నాకన్నా నాలుగైదేళ్లు పెద్ద. మౌలాలి నుంచి బస్సులో వచ్చేది. ఉర్దూలో అక్కను పిలిచినట్టు నేను ఆపా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేది. ఆపా పాఠం చెబుతుంటే మధ్య గోడకు చెవి ఆనించాల్సిన పని లేదు, ఆ గొంతు గోడ దాటి వచ్చి నా తరగతిలో కూర్చునేది. నేను ఓమ్ నియమం చెబుతుంటే నా పిల్లలు ఆపా చెప్పే కప్ప గుండె వింటూ ఉండేవారు. ఇక ఆవిడ బొమ్మలు వేసే తీరు మన తరంలో పాఠాలు చెప్పినవాళ్లకు చెప్పకుండానే అర్థమవుతుంది. రంగు సుద్దముక్కలు రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మాట ఆపకుండా, బోర్డు మీద మూత్రపిండాన్ని నిలువునా కోసి పెట్టేది.

ఆ రోజుల్లోనే బళ్లలోకి ఆన్‌లైన్ వీడియోలు రావడం మొదలైంది. మా బడికి ఒక ప్రొజెక్టర్ ఇచ్చారు గాని ఇంటర్నెట్టు ఇవ్వలేదు. నేను ఇంట్లో దించుకుని పెన్ డ్రైవులో వేసుకుని వచ్చి, మా ఆయన వాడి వదిలేసిన లాప్‌టాప్‌కు తగిలించి చూపించేదాన్ని. కిటికీలకు పాత దుప్పట్లు కట్టేవాళ్లం. సగంలో కరెంటు పోతే మిగతా సగం నా నోటితో పూర్తి చేసేదాన్ని. పిల్లలకు అదొక పండగ. ఆపాకు మాత్రం నచ్చలేదు. ఒకరోజు నా తరగతి గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, “దాంట్ల గుండె మంచిగనే కొట్టుకుంటున్నది చెల్లె, గని చూసేటోళ్ల గుండె కొట్టుకోవాలె గదా” అని వెళ్లిపోయింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ ఏడు వానాకాలంలో ఆపా గొంతు బొంగురుపోయింది. జలుబు అనుకుంది, సుద్దపొడి అనుకుంది, మిరియాల పాలు తాగింది, అరిచి పాఠం చెబుతూనే వచ్చింది. చివరికి ఆస్పత్రిలో అది స్వరపేటికలో కణితి అని తేల్చారు. ప్రాణం దక్కాలంటే పేటిక మొత్తం తీసేయాలన్నారు, తీసేశారు. ఆపరేషన్ తర్వాత మెడ కింద ఊపిరి పీల్చుకోవడానికి ఒక రంధ్రం మిగిలింది. మాట పోయింది. గుసగుస కూడా లేదు, పెదవులు మాత్రం కదిలేవి. ఆపా భర్త దర్జీ. ఆ రంధ్రం మీద కప్పుకోవడానికి పల్చటి నూలు గుడ్డలు, ఏ చీరకు తగ్గట్టు ఆ రంగులో, వరసగా కుట్టి పెట్టాడు.

సెలవు అయిపోగానే ఆపా బడికి వచ్చేసింది. మాట లేకపోయినా బొమ్మలు వేసి చెప్పుకుంటుందిలే అనుకున్నాం మేమంతా. కాని డాక్టర్లు సుద్దపొడి దగ్గరికి కూడా పోవద్దన్నారట, అది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుందని. గొంతుతోపాటు బోర్డు కూడా పోయిందన్నమాట. అప్పుడు నేనే, మేలు చేస్తున్నాననుకుని, నా పెన్ డ్రైవు తీసుకెళ్లి ఇచ్చాను. వీడియో మాట్లాడుతుంది, మీరు నిలబడితే చాలు అన్నాను.

ఆ మొదటి పాఠం తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తెర మీద ఎవరో విదేశీయుడు గబగబా ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. మా తెలుగు మీడియం పిల్లలకు ముక్క అర్థం కావడం లేదు. కాసేపు తెర వైపు, కాసేపు ఆపా వైపు చూశారు, తర్వాత వెనక బెంచీల నుంచి మాటలు మొదలయ్యాయి. ఒక్క చూపుతో, ఒక్క పిలుపుతో గదిని అదుపులో పెట్టిన మనిషి బల్లను అరచేత్తో తడుతూ నిలబడిపోయింది. ఆ చప్పుడు ఎవరికీ వినిపించలేదు. వరండాలో వెళుతున్న హెడ్ మేడమ్ అంతా చూసింది.

సాయంత్రం నన్ను గదిలోకి పిలిచింది. “ఆవిడంటే నాకూ గౌరవమే. కాని పేరెంట్స్ వచ్చి అడుగుతున్నారు, నేనేం చెప్పను? ఆరోగ్యం బాగాలేదని రిటైర్‌మెంట్ తీసుకుంటే ఆవిడకే సుఖం. మీరు చెబితే వింటారు” అంది. హెడ్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. ఆ కుర్చీలో ఉంటే బహుశా నేనూ ఆ మాటే అనేదాన్ని.

ఆదివారం మౌలాలి వెళ్లాను. ముందు గదిలో కుట్టు మిషను, వెనక వాళ్ల కాపురం. చాయ్ తాగాను, ఎండల గురించి మాట్లాడాను, బస్సుల గురించి మాట్లాడాను, వచ్చిన పని మాత్రం నోట్లోంచి రాలేదు. ఆపా నన్నే చూస్తూ పెదవులు కదిపింది. నాకు అర్థం కాలేదు. మిషను దగ్గర్నుంచి ఆవిడ భర్త అందుకున్నాడు.

“‘చెప్పనీకి వచ్చినవు, చెప్పకుండ కూసున్నవు’ అంటున్నదమ్మా.”

నేను తల వంచుకుని, హెడ్ మేడమ్ అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పేశాను. ఆపా పెదవులు మళ్లీ కదిలాయి.

“‘గొంతు దీసిండ్రు గని తెలివి దీయలే’ అంటున్నది” అన్నాడాయన. ఆ తర్వాత కత్తెర కింద పెట్టి, “ఇంగ నా మాట సుత ఒకటి ఇనమ్మా, ఇది ఆమెది కాదు. ఇంట్ల కూసోవెడ్తే ఈమె బతకది” అన్నాడు. ఆపా ఆయన వైపు కోపంగా చూసింది. ఆయన మళ్లీ మిషను తొక్కడం షురూ చేశాడు.

మర్నాడు బడి విడిచాక ఆపా నా గదికి వచ్చి లాప్‌టాప్ ముందు కూర్చుంది. వీడియోను ఎలా ఆపాలో, ఎలా వెనక్కి తిప్పాలో, ఎలా నెమ్మదిగా నడిపించాలో, మాట రాకుండా ఎలా చేయాలో చూపించమని సైగ చేసింది. చూపించాను. ఆ తర్వాత చాలా రోజులు ఆవిడ ఒక్కతే కూర్చుని ఒకే వీడియోను మళ్లీ మళ్లీ చూసేది, ధ్వని లేకుండా. ఎక్కడెక్కడ ఆపాలో వెతుక్కుంటోందని అప్పుడు నాకు తెలియదు.

గుండె పాఠం రోజు నేను గుమ్మంలో నిలబడి చూశాను. తెర మీద గుండె, దానికి మాట లేదు. ఆపా చేతిలో అట్టముక్కలు, వాటి మీద స్కెచ్ పెన్నుతో ఒక్కొక్క మాట. కర్ణికలోకి నెత్తురు చేరింది, నిండింది, కవాటం తెరుచుకోబోతుండగా ఠక్కున ఆపి ‘తర్వాత?’ అన్న అట్ట ఎత్తింది. వెనక బెంచీల మాటలు ఆగిపోయాయి. ఒక పిల్ల లేచి, నెత్తురు బయటికి పోతుంది మేడమ్ అంది. ఇంకొకతి, కాదు, కిందికి పోతది అంది. ఆపా రెండో అట్ట ఎత్తింది, ‘ఎందుకు?’ ఇక వాళ్లలో వాళ్లకు వాదన మొదలైంది. అందరూ చెప్పడం అయ్యేదాకా ఆగి, ఆపా మీట నొక్కింది. కవాటం తెరుచుకుంది, నెత్తురు కిందికి దూకింది. కిందికి పోతదన్న పిల్ల మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆపా మాట్లాడలేదు కాబట్టి పాఠం పిల్లలే మాట్లాడవలసి వచ్చింది.

అంతా ఒక్కసారిగా బాగుపడిందని చెబితే అబద్ధమవుతుంది. మెల్లగా అర్థం చేసుకునే పిల్లలు వెనకబడ్డారు, వాళ్లను నేను సాయంత్రాలు కూర్చోబెట్టుకునేదాన్ని. కొందరు పెద్దవాళ్లు పిల్లలను వేరే బడికి మార్చుకున్నారు కూడా. నేనూ ఆపాలాగే చెప్పబోయాను గాని వీడియో ఆపి పది లెక్కపెట్టేలోగా జవాబు నేనే చెప్పేసేదాన్ని, నోరున్నవాళ్లకు అది సాధ్యమయ్యే పని కాదు. హెడ్ మేడమ్ ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుని గంట కొట్టేదాకా ఉంది. రిటైర్‌మెంట్ మాట మళ్లీ ఎత్తలేదు.

శ్వాసక్రియ పాఠం వచ్చింది. అందులో స్వరపేటిక ఉంటుంది. ఆ ఒక్క పాఠం నేను చెబుతానన్నాను. ఆపా తల అడ్డంగా ఊపింది. తెర మీద స్వరతంత్రులు, ముత్యం రంగులో రెండు పొరలు, గాలి తగిలి వణుకుతున్నాయి. ఆపా వీడియో ఆపింది. ఏ అట్టా ఎత్తలేదు. తెర మీద ఆ చోట వేలు పెట్టి చూపించి, అదే వేలు తన మెడ మీద గుడ్డ దగ్గరికి తెచ్చుకుంది. ముందు బెంచీలో పిల్ల ఒకతి చాలా మెల్లగా అడిగింది.

“మేడమ్, మీకు నొస్తదా?”

ఆపా కాసేపు ఆలోచించి, లేదని తల ఊపింది. ఆ తర్వాత పిల్లలందరి చేతా తమ గొంతు మీద వేళ్లు పెట్టించి, ‘ఆ’ అనమని నోరు తెరిచి చూపించింది. నలభై మంది పిల్లలు ఒక్కసారిగా ‘ఆ’ అన్నారు. ఆపా ఒక్కొక్క బెంచీ దగ్గరికీ వెళ్లి, వాళ్ల గొంతుల మీద తన వేళ్లు ఆనించి ఆ వణుకు చూసింది. నేను గుమ్మంలో ఉండలేక ఆ తరగతి లోపలికే వెళ్లిపోయాను.

ఆ తర్వాత మూడేళ్లు ఆపా అలాగే పాఠం చెప్పింది. నాలుగో ఏడు జబ్బు తిరగబెట్టింది. ఎండాకాలం సెలవుల్లో పోయింది.

బడులు తెరిచాక ఆవిడ భర్త వచ్చాడు. స్టాఫ్ రూములో కుర్చీ అంచున కూర్చుని అడిగాడు. “మీ బడిల గన్ని వీడియోలు చూపిస్తరు గదమ్మా. ఆమె మాట్లాడింది ఏదన్న ఒక్కటుంటదా? ఇంట్ల ఫోటోలున్నయి. గొంతే లేదు.”

పెన్ డ్రైవులన్నీ వెతికాను. గుండెలున్నాయి, మొక్కలున్నాయి, అగ్నిపర్వతాలున్నాయి, ఎవరెవరివో గొంతులున్నాయి. ఆపా గొంతు లేదు. చివరికి నా పాత ఫోనులోంచి లాప్‌టాప్‌లోకి ఎప్పుడో మార్చిన వాటిలో ఒకటి దొరికింది. వీడియోలు మనమే ఎందుకు తీయకూడదని ఒకప్పుడు నాకు బుద్ధి పుట్టి, మెగ్నీషియం తీగ కాల్చేటప్పుడు తీసినది. అందులో మంట కనిపించదు, అడ్డంగా పిల్లల తలలే. పనికిరాదని వదిలేశాను. దాని మధ్యలో, గుమ్మం దగ్గర్నుంచి, జబ్బు చేయకముందటి ఆపా గొంతు. “జెర తలకాయలు వంచుండ్రమ్మా, ఎనకటోళ్లకు ఏం కనవడ్తలేదు.” అంతే, అయిపోయింది.

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. ఇంకోసారి పెట్టమన్నాడు. “ఇంట్ల గూడ గిట్లనే గదమాయించేది” అన్నాడు. ఆయన ఫోనులోకి ఎక్కించి ఇచ్చాను. గేటు దాటేదాకా దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నడిచాడు.

ఇప్పుడు ప్రతి పాఠానికీ తెలుగులోనే వీడియో ఉంది. ఏ టీచరు చెప్పినదైనా ఏ పిల్ల అయినా ఎన్నిసార్లయినా వినవచ్చు. మనం పాఠాలు చెప్పిన రోజుల్లో ఇది ఉంటే కళ్లకు అద్దుకునేవాళ్లం, అందుకని తప్పు పట్టబుద్ధి కాదు. అప్పట్లో గంట కొడితే పాఠం అయిపోయేది, చెప్పిన మాట విన్న పిల్లల దగ్గర తప్ప మరెక్కడా ఉండేది కాదు. ప్రపంచంలో ఎక్కడెక్కడి గొంతులనో దించుకుని పదిలంగా దాచుకున్నాం గాని, పక్క గదిలోంచి రోజూ వినిపించే గొంతు రేపు కూడా వినిపిస్తుందనే అనుకున్నాం.