గూడ్సు బండిని ఆపిన లవంగనూనె బిళ్ళలు

ముప్పై ఏళ్ళుగా ఒక్క మచ్చ కూడా పడని మా నాన్న సర్వీసును పొద్దున్నే పది నిమిషాల్లో మంటగలపబోయిన ఘనురాలిని నేను. అదీ ఆయన మీద ప్రేమతో. కాస్త నోరు పుక్కిలించుకుని వినండి.

నాన్న బిలాస్‌పూర్‌లో రైలింజను డ్రైవరు. నేనప్పుడు మైక్రోబయాలజీ రెండో సంవత్సరం, అంటే ప్రపంచంలోని క్రిములన్నిటికీ నేనే మొగుణ్ణనుకునే వయసు. నాన్నకు చిగుళ్ళ జబ్బు. తను ఆవులిస్తే పక్కనున్న అసిస్టెంటు సిగ్నల్ చూసే వంకతో తల కిటికీ బయట పెడతాడని ఆయనే చెప్పుకుని బాధపడేవాడు. నా గుండె కరిగిపోయింది. లవంగనూనె, వాము నూనె నోటి క్రిముల్ని చంపుతాయని చదివి, పంచదార పాకంలో కలిపి బిళ్ళలు పోశాను. క్రిములకు పంచదార పరమాన్నమన్న సంగతి అప్పుడు గుర్తు రాలేదు. రెండు చుక్కలు చాలని రాసుంది. రైల్వే క్వార్టర్ల క్రిములు రెండు చుక్కలకు లొంగుతాయా? సీసా మొత్తం వంచాను.

"ఏటే ఇది, షెడ్డులో ఇంజను కడిగినట్టు వాసనొస్తంది?" అంది అమ్మ.

మర్నాడు నాన్న నాలుగు బిళ్ళలు జేబులో వేసుకుని, దారిలో రెండు చప్పరిస్తూ డ్యూటీకి వెళ్ళాడు. తర్వాతి కథ మొద్దుబారిన ఆయన నాలుక స్వాధీనంలోకి వచ్చాక చెప్పినది.

డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్లు తాగలేదని తేలడానికి ఒక మిషన్‌లోకి ఊదాలి. అక్కడి ఇన్‌ఛార్జి సింహాచలం బాబాయ్, మా క్వార్టర్ పక్కాయనే. పొద్దున్నే ఎవరి నోట లవంగం వాసనొచ్చినా రాత్రి తాగిన మందు వాసన దాస్తున్నారని ఆయన లెక్క. పైగా నాన్న చెప్పిన గుడ్ మార్నింగ్ "గుల్ మాల్లిం" అని వచ్చింది. ఊదిస్తే సున్నా. మిషన్ మార్చినా సున్నా.

"అచ్ఛా. మిషన్ తప్పు సెప్పొచ్చు గానీ నాలిక సెప్పదు కదా అన్నయ్యా. నాను పైకి రాసి పంపాల," అన్నాడు బాబాయ్.

పైకి రాస్తే సస్పెన్షనే. నాన్న మిగిలిన రెండు బిళ్ళలు తీసి, తన నోటివైపు వేలు చూపించాడు. బాబాయ్ ధర్మాత్ముడు, సాక్ష్యం పరిశీలించాలి కదా, రెండూ ఒకేసారి నోట్లో వేసుకున్నాడు.

అవి కరిగేసరికి ఫోన్ మోగింది. గూడ్సు ఇంకా కదలలేదేమని పై ఆఫీసరు. బాబాయ్ మొద్దుబారిన నాలుకతో ఏదో విన్నవించుకున్నాడు. ముందు నువ్వు ఊదు, నేను వస్తున్నాను అన్నాడట ఆఫీసరు.

ఆయన వచ్చేసరికి పెద్దమనుషులిద్దరూ చొంగ తుడుచుకుంటూ, ఒకరి తర్వాత ఒకరు ఊదుతూ, ఒకరి నిర్దోషిత్వాన్ని ఒకరు సైగలతో నిరూపిస్తున్నారు. అన్నీ సున్నాలే. గూడ్సును వేరే డ్రైవరు తీసుకెళ్ళాడు. నాన్న సర్వీసు బతికిపోయింది. బండి ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో మాత్రం బాబాయ్ నిజాయితీగా "మిఠాయి" అని రాశాడు.

సాయంత్రం నాన్న నన్ను కూర్చోబెట్టి, "అమ్మా, నువ్వు సదువు మానీకు. నీ పెయోగాలకి నన్ను మాత్రం వొగ్గీయ్," అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అందుచేత ఇంటిల్లిపాదీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మా నాన్న నోటి క్రిముల జోలికి ఇక వెళ్ళను. ముప్పై ఏళ్ళు ఆయనతో పాటే డ్యూటీ చేశాయి పాపం, ఏనాడూ ఒక్క బండిని ఆపలేదు.